యోనా మేస్త్రీ చేసిన వీపుబల్ల

మా చెల్లెలి కూతురు హారిక మూలపేట రేవు పనుల్లో ఇంజనీరు. సెలవు దొరికితే చాలు, కాశీబుగ్గలో ఉన్న నా ఇంటికి వచ్చేస్తుంది. పోయిన ఆదివారం వస్తూ వస్తూ మంచమంత అట్టపెట్టె ఒకటి లారీలో వేయించుకొచ్చింది. దాని దూరప్రయాణాల మోటారు సైకిలుకి అటూ ఇటూ తగిలించే పెట్టెలు రెండూ, వెనక కూర్చున్నవాళ్ళు చేరబడేందుకు మెత్తటి దిండూ అందులో ఉన్నాయి. వాకిట్లో గోనెపట్టా పరిచి, పానాలన్నీ వరసగా పెట్టుకుని, జుట్టు ముడేసుకుని పనిలోకి దిగింది. రెండు గంటల్లో అంతా బిగించేసింది. తాళంచెవి తిప్పితే పెట్టె టక్కున ఊడి చేతిలోకి వస్తుంది. దిండు కింద ఉన్న మీట నొక్కితే అదీ అంతే. ఊడదీసి, తగిలించి, మళ్ళీ ఊడదీసి నాలుగుసార్లు చూపించింది. కొత్త బొమ్మ దొరికిన పిల్లని చూసినట్టే చూస్తూ, వక్క నములుతూ కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఒకసారి ఎక్కి కూకో. దిండు ఎత్తు నీకు సరిపోయిందో లేదో సూత్తాను" అంది. సాయంత్రం నన్ను ఉద్దానం తీరం వెంట తిప్పుతానని దాని పథకం. ఎక్కాను. అలవాటుకొద్దీ రెండు కాళ్ళూ ఎడమ పక్కకి వేసి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చున్నాను. ఆ దిండు కాస్తా వీపుకి కాకుండా నా ఎడమ భుజానికి గుచ్చుకుంది. "అలా కాదు పెద్దమ్మా, మగోళ్ళ నాగ రెండు పక్కలా కాళ్ళేసి కూకోవాలి" అంది హారిక. నాకు నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. నవ్వు ఆగాక కూడా నీళ్ళు ఆగలేదు. పిల్ల కంగారుపడి, "ఏటైంది, తగిలిందేటి?" అని నా భుజం పట్టుకు చూసింది. తగిలింది గానీ ఈ దిండు కాదు. ఇలాంటిదే ఇంకొకటి, దీనికంటే యాభై ఏళ్ళు పెద్దది. ఆ కథ పిల్లకి చెప్పడం మొదలెట్టాను.

మా నాన్న పేరు కూర్మారావు. పశువైద్య శాఖలో కాంపౌండరు. మేము నందిగాంలో ఉండేవాళ్ళం. ఆయన చూడాల్సిన పల్లెలు టెక్కలి పక్క నుంచి ఉద్దానం ఇసక దాకా పరుచుకుని ఉండేవి. ఇంట్లో 'టూరు' అనే మాట రోజూ వినపడేది. ఇప్పటి పిల్లలు టూరంటే సరదాగా తిరగడం అనుకుంటారు. మా ఇంట్లో టూరంటే ఎవరి ఆవుకో ఈత కష్టమైందని, ఎవరి గేదెకో కడుపు ఉబ్బిందని అర్థం. తెల్లారకుండానే నాన్న స్టవ్వు మీద సూదులు మరగబెట్టేవాడు. ఆ గిన్నె వంటింటి గడప దాటకూడదని అమ్మ కట్టడి. అందుకని స్టవ్వు వసారాలో ఉండేది. కిరసనాయిలు వాసన, టించరు వాసన, ఫినాయిలు వాసన, వాటి వెనకే వంటింట్లోంచి అమ్మ వేసే తిరగమోత వాసన, ఇవన్నీ కలిస్తే మా ఇంట్లో తెల్లారినట్టు. నాన్న ఒంటికి ఎప్పుడూ ఆ మందుల వాసనే. ఆయన సందులోకి తిరిగితే చాలు, పక్కింటి ఆవు గుంజ చుట్టూ తిరగడం మొదలెట్టేది.

ఆయనకో పాత మోటారు సైకిలు ఉండేది. దానికి అటొకటి ఇటొకటి రెండు రేకు పెట్టెలు. ఎడమ పెట్టెలో మందులు, సూదులు. కుడి పెట్టెలో తాళ్ళు, పశువు గొంతులోకి మందు పోసే వెదురు గొట్టం, రబ్బరు జోళ్ళు. కొక్కేలకి తగిలించి తోలుపట్టీతో బిగించేవాడు. బండి పోలేని పశువుల సాలల్లోకి పెట్టె ఊడదీసుకుని భుజాన వేసుకుని పోవడానికి ఆ ఏర్పాటు. చేసిపెట్టింది టెక్కలిలో వెల్డింగు పని చేసే యోనా మేస్త్రీ. ఆయన బాప్టిస్టు సంఘం పెద్ద. చర్చికి బల్లలు కూడా ఆయనే చేశాడు. ఆ బల్లల మీద ఎంతసేపు కూర్చున్నా నడుం నొప్పి పుట్టదని ఆయనకి మహా గొప్ప. "పెసంగం పొడుగైనా పరవానేదు బాబూ, మన బల్ల మీద కూకుంటే" అనేవాడు.

అమ్మ పేరు తవిటమ్మ. నాన్నకి మేనమామ కూతురు, అంచేత పెళ్ళయ్యాక కూడా 'బావా' అనే పిలిచేది. ఆమె పుట్టిల్లు ఉద్దానం లోపల, సముద్రం హోరు వినపడేంత దగ్గరలో. అక్కడికి వెళ్ళే రోజున నాన్న ఎడమ పెట్టె ఊడదీసి ఇంట్లో పెట్టేవాడు, అమ్మ కాళ్ళకి అడ్డు రాకుండా. నేను ముందు పెట్రోలు ట్యాంకు మీద. అమ్మ వెనక, పక్కకి తిరిగి, ఎడం చేత్తో సీటు వెనక ఇనప కమ్మీ, కుడి చేత్తో పైట చెంగు పట్టుకుని. నాన్న భుజం మీద చెయ్యి వేసేది కాదు. వెయ్యకూడదు. మా నాన్నమ్మ ఒప్పుకునేది కాదు. "మొగుడి బుజం మీద సెయ్యేసుకుని ఊరి మద్దినుంచి ఊరేగుతావేటి?" అని మొదటి రోజే అనేసింది. ఆ రోజుల్లో అందరూ అలాగే కూర్చునేవారు కాబట్టి అదేమీ కష్టమని మాకెవరికీ తోచలేదు.

జీడిమామిడి తోటల మధ్యనుంచి రెండు మైళ్ళ పైన ఇసక దారి ఉండేది. ఆ ఇసకలో బండి ఒక తీరున పోదు. జారుతుంది, ఒరుగుతుంది, కూరుకుని లేస్తుంది. ఒక రోజు అలా వెళ్తూ నేను నాన్నని ఆవుకి ఎన్ని పొట్టలుంటాయని అడిగాను. ఆ ప్రశ్న అడిగితే ఆయనకి ఇక ఒళ్ళు తెలియదు. నాలుగు పొట్టల సంగతీ ఒక్కొక్కటే చెప్పుకొస్తున్నాడు. నేను మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాను. మధ్యమధ్య "కాదేటి తవిటీ?" అని వెనక్కి కేకేస్తున్నాడు. అమ్మ ఎలాగూ బదులు చెప్పదు. బండి మీదనే కాదు, ఇంట్లోనూ అంతే, ఆయన చెప్పుకుపోవడం, ఆమె పని చేసుకుపోవడం. అలా అమ్మమ్మ వాకిట్లోకి వెళ్ళి ఆగాం. అమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ నవ్వుతూ బయటికి వచ్చింది. బండి చుట్టూ ఒకసారి చూసింది.

"మా పిల్లేదిరా?" అంది.

నాన్న వెనక్కి తిరిగాడు. అమ్మ లేదు. మా మావయ్యలిద్దరూ అరుగు మీదే ఉన్నారు. నాన్న మొహంలో రంగు పోవడం నేను చూశాను. నన్ను ట్యాంకు మీదనే ఉంచుకుని బండి వెనక్కి తిప్పాడు. మైలున్నర వెనక అమ్మ నడిచి వస్తూ కనపడింది. చెప్పులు చేత్తో పట్టుకుంది. జుట్టునిండా ఇసక, మోచేతి దాకా గాజుల గీతలు, ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. ఇసకలో పడింది కాబట్టి ఎముక విరగలేదు. ఇసకలో పడింది కాబట్టే చప్పుడూ కాలేదు. కేకేస్తే ఇంజను మోతలో మాకు వినపడలేదు.

అమ్మ నాన్న వైపు చూడలేదు. నన్ను చూసింది. "నువ్వేనా సూడనేదేటే?" అంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు, చెల్లెలు ఇంకా పుట్టలేదు. భయం వేసింది. నేను ఇప్పుడు రాసేది పోయిన ఆదివారం దాకా మా ఇల్లు దాటలేదు, నా చెల్లెలికి కూడా చెప్పలేదు. "నాను సెప్పానమ్మా, అమ్మ పడిపోయిందని. నాన్నే ఇననేదు" అన్నాను. పచ్చి అబద్ధం. నేనూ చూడలేదు, నాకూ తెలియలేదు. ఆవు మూడో పొట్టలో ఉన్నాను నేను. నాన్న నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత తల దించుకుని, "అవును, సెప్పింది. మోతలో నాకే ఇనపడనేదు" అన్నాడు.

ఆ తర్వాత అమ్మ ఆ బండి ఎక్కలేదు. కోపం వచ్చి అరిస్తే, నాలుగు రోజులకి చల్లారుతుందని అనుకోవచ్చు. అమ్మ అరవలేదు. అన్నం పెట్టేది, ఆకు మడిచి ఇచ్చేది, బట్టలుతికి ఆరేసేది. బండి మాటెత్తితే మాత్రం లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. నాన్నకి ఏం చెయ్యాలో తోచలేదు. మనసుకి తగిలిన దెబ్బకి పనిముట్టు వెతుక్కోవడం మగవాళ్ళ అలవాటు గదా, ఆయన నేరుగా యోనా మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. పడిపోకుండా వెనక ఆనుకునేది ఒకటి చేసిపెట్టమన్నాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడిరావాలి, ఎందుకంటే మామూలు రోజుల్లో ఆ చోట గడ్డి మోపో, జబ్బు చేసిన మేకపిల్లో ఉంటుంది.

మేస్త్రీ ఆ పని ప్రాణం పెట్టి చేశాడు. చర్చి బల్లకి మిగిలిన టేకు పలక తీశాడు. కొబ్బరి పీచు కూరి, రెక్సిను కప్పి, చుట్టూ ఇత్తడి మేకులు కొట్టాడు. బండి వెనక చట్రానికి రెండు గొట్టాలు అతికి, పలక కాళ్ళు వాటిలో దిగేలా, అడ్డంగా ఒక్కో చీల వేస్తే కదలకుండా ఉండేలా చేశాడు. దానికి వీపుబల్ల అని పేరు కూడా ఆయనే పెట్టాడు. నేను నాన్నతో వెళ్ళి చూశాను. సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి మేస్త్రీ బండి నడిపాడు, నాన్న వెనక రెండు పక్కలా కాళ్ళేసి కూర్చున్నాడు. టెక్కలి వీధిలో రెండు చక్కర్లు కొట్టారు. నాన్న వెనక్కి ఆనుకుని, చేతులు రెండూ గాల్లోకి వదిలేసి, "బెమ్మాండం మేస్త్రీ!" అన్నాడు. ఇద్దరికీ పెళ్ళాలున్నారు. ఇద్దరూ వాళ్ళని ఏళ్ళ తరబడి బండి మీదో సైకిలు మీదో తిప్పినవాళ్ళే. ఆడది బండి మీద ఎలా కూర్చుంటుందో ఆ ఇద్దరిలో ఒక్కడికీ గుర్తు రాలేదు.

ఇంటికి తెచ్చి, నిమ్మకాయ కట్టి, పసుపు రాసి, నాన్న పిలిస్తే అమ్మ బయటికి వచ్చింది. ఎక్కాలని కాదు, నాన్నమ్మ చూస్తోందని వచ్చింది. నిలబెట్టిన బండి మీద పక్కకి తిరిగి కూర్చుంది. బల్ల అంచు ఆమె ఎడమ భుజంలో గుచ్చుకుంది. వీపు వెనక ఉత్త గాలి. దిగి లోపలికి పోయింది. నాన్నమ్మ మాత్రం, "ఇది నీకు సేయించుకున్నావేట్రా?" అంది.

నాన్న మళ్ళీ టెక్కలి పరిగెత్తాడు. మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడట. ఈసారి గొట్టాలు సీటు కుడి పక్కకి మార్చి, బల్లని పక్కవాటుగా నిలబెట్టాడు, పక్కకి తిరిగి కూర్చున్న మనిషి వీపుకి సరిగ్గా ఆనేలా. కాళ్ళు పెట్టుకునేందుకు ఎడమ పక్క చిన్న చెక్క. బల్లకి అడ్డం రాకుండా కుడి పెట్టెని కిందికి, వెనక్కి జరిపాడు. అయితే ఒక చిక్కు. బల్ల ఉంటే నాన్న కాలు తిప్పి బండి ఎక్కలేడు. ఆయన ఎక్కి కూర్చున్నాక ఎవరో ఒకరు బల్ల దించి చీలలు వెయ్యాలి. ఇన్ని తిప్పలు పడినా అది మంచి పని. ఇప్పటికీ చెబుతాను, అంత బుద్ధిగా చేసిన వస్తువు నేను మళ్ళీ చూడలేదు.

"బల్ల బాగుంది బావా" అంది అమ్మ, వాకిట్లో నిలబడి. "పడిపోతాననేటి నా బయ్యం? ఇసకలో పడితే ఏటవుతాది. పిల్ల సెప్పినా ఇననోడి ఎనక నాను కూకోను."

నాన్న నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు తెలిసింది. బల్ల కాళ్ళకి ఉన్న పసుపు బొటనవేలితో తుడుస్తూ నిలబడ్డాడు. నేను పెరట్లోకి పారిపోయి జీడిపిక్కల బస్తా వెనక కూర్చున్నాను. అమ్మ ఎక్కనన్నది బండి వల్ల కాదు, నాన్న వల్లా కాదు. నా మాట వల్ల. అది నాకు ఆ వయసులోనే స్పష్టంగా తెలుసు. తెలిసి కూడా ఆ బస్తా వెనకనుంచి లేవలేదు.

ఇక్కడిదాకా చెప్పేసరికి హారిక పానాలు తుడవడం ఆపేసింది. "మరి మా అమ్మమ్మ ఎక్కిందా?" అంది. దాని బండి హెల్మెట్లలో మైకులున్నాయి. వెనకవాళ్ళు తుమ్మినా ముందువాళ్ళ చెవిలో పడుతుంది. నేను పాతికేళ్ళకి పైగా టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేశాను. ఎవరి గొంతు ఎవరికి కలపాలో నాకు బాగా తెలుసు. అయినా ఆ హెల్మెట్లు చూసి అసూయ పుట్టింది. ఆ ఇసక దారి ఇప్పుడు లేదు, తారు వేశారు. రేవు పనులకి పోయే లారీలు తిరుగుతున్నాయి. తుపాన్లకి జీడితోటలు కూలి మళ్ళీ కొత్తవి లేచాయి. అమ్మ, నాన్న ఇద్దరూ లేరు. ఈ రోజుల్లో అయితే అమ్మ కేక మాకు వినపడి ఉండేది. నేను అబద్ధం ఆడాల్సిన అవసరమూ ఉండేది కాదు. కానీ నాన్న నా అబద్ధాన్ని ఎలా నెత్తిన వేసుకున్నాడో అది కూడా నాకు తెలిసి ఉండేది కాదు. లాభమో నష్టమో తేల్చుకోలేకపోతున్నాను.

అమ్మ పుట్టింటికి వెళ్ళడం మానలేదు. బస్సులో వెళ్ళి, దిగి, ఆ ఇసకంతా నడిచేది. నేను వెంట. నాన్నకి ఇంట్లో ఉండబుద్ధి కాదు. బండి వేసుకుని వచ్చి, బస్సు దిగే చోట కాసుకుని ఉండి, మేము నడుస్తుంటే మా వెనకే నడిచినంత నెమ్మదిగా బండి నడుపుకుంటూ వచ్చేవాడు, బల్ల బిగించుకుని మరీ. ఎందుకంటే దారిలో అమ్మ మనసు మారితే బల్ల లేదనే మాట రాకూడదు. చీలలు వెయ్యడానికి బస్సు స్టాండులో ఎవరినో బతిమాలుకునేవాడు. తోటల్లో జీడిపళ్ళు కోసేవాళ్ళు పని ఆపి చూసేవారు. "ఏటి కంపోండరు బాబూ, బండి పాడయిందేటి?" అని అడిగేవారు. "నేదు, బాగానే ఉంది" అనేవాడు నాన్న. ముందు పెళ్ళాం నడక, వెనక ఖాళీ బల్లతో మొగుడు, మధ్యలో నేను. ఆరు నెలలు ఇలాగే సాగింది. ఊళ్ళలో దాని మీద హాస్యాలు కూడా పుట్టాయి.

ఒక వేసవి పూట, అలా నడక వేగంతో నడపడం వల్ల ఇంజను కాగిపోయి, తోటల మధ్య ఆగిపోయింది. కిందపడ్డ జీడిపళ్ళు కుళ్ళిన తియ్యటి పులుపు వాసన గుప్పున కొడుతోంది. అమ్మ ఆగకుండా నడిచిపోతోంది. నేను వెనక్కి తిరిగి చూశాను. నాన్న బండి దిగలేక దిగలేక, ఆ బల్ల మీంచి కాలు ఎత్తి తీసి, చొక్కా తడిసిపోయి, ఇసకలో బండి తొయ్యడం మొదలెట్టాడు. చక్రం కూరుకుపోతోంది. అంత మాటకారి, ఒక్క మాట లేదు. నేనిక ఓర్చుకోలేకపోయాను.

"అమ్మా, నాను సెప్పనేదు" అన్నాను. అమ్మ ఆగింది. "నువ్వు పడిపోయినావని నాన్నకి నాను సెప్పనేదు. నాకూ తెలవనేదు. అబద్దం ఆడాను."

అమ్మ నన్ను కొడుతుందని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. నన్ను దాటుకుని నాన్న దగ్గరికి వెళ్ళింది.

"మరి సెప్పిందని నువ్వెందుకన్నావు?"

నాన్న హ్యాండిలు పట్టుకునే నిలబడ్డాడు. "పిల్ల బయపడిపోయింది తవిటీ. దాని మొకం సూసాను. నువ్వు దాన్ని ఏటంటావోనని..."

"అయితే ఆరు నెల్లు నానన్న మాటలన్నీ పడ్డావా?"

"నువ్వన్నదాంట్లో తప్పేటుంది" అన్నాడు నాన్న. "పిల్ల సెప్పిందన్నది ఒక్కటే అబద్దం. నువ్వు పడిపోయినప్పుడు బండి తేలికైపోయింది. అది నాకు తెలిసింది. ఇసక అయిపోయిందనుకున్నాను. అమ్మయ్య అనుకున్నాను."

అమ్మ అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడడం అదే మొదలు. నాన్న పక్కన కూర్చోలేదు, ఓదార్చలేదు. ఇంజను మీద చెయ్యి పెట్టి ఎంత వేడిగా ఉందో చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి అమ్మ లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. బండి దగ్గరికి వచ్చి, బల్ల చీలలు రెండూ తనే లాగేసి, బల్ల ఊడదీసి నా చేతిలో పెట్టింది.

"ఇది నాకొద్దు. దీన్నానుకుని కూకుంటే నాను ఉన్నానో నేదో నీకెలా తెలుత్తాది?" అంది. ఇంజను చల్లారాక నాన్న ఎక్కాడు. అమ్మ వెనక కూర్చుని, కుడి చెయ్యి ఎత్తి ఆయన భుజం మీద వేసింది. తోటలో ఆడవాళ్ళు పని ఆపి చూస్తూనే ఉన్నారు. "ఈ సెయ్యి తగలకపోతే బండి ఆపు" అంది.

"సరే" అన్నాడు నాన్న.

నేను ట్యాంకు మీద ఎక్కి బల్లని ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మ నన్ను ఇంకేమీ అనదేమో అనుకున్నాను. బండి కదిలాక వెనకనుంచి గొంతు వినపడింది. "ఒలే, ఇంకెప్పుడైనా నాను పడిపోతే, అబద్దం తరవాత ఆడుదువు గాని. ముందు ఎనక్కి తిరిగి సూడు."

వెంటనే తిరిగాను. నాన్న చంక కిందనుంచి తల పెట్టి చూశాను. అమ్మ ఉంది. ఇసకలో బండి ఒరిగింది, మళ్ళీ చూశాను. అమ్మమ్మ వాకిలి వచ్చేదాకా ఎన్నిసార్లు చూశానో తెలియదు. మెడ నొప్పి పుట్టింది. చూసిన ప్రతిసారీ అమ్మ ఉంది.